భోక్త ఒక్కడేనా?

తిన్న అన్నాన్ని లోపల అరిగించేది ఎవరు, అనుభవించేది ఎవరు అన్నది భారతీయ దర్శనాల్లో పాత ప్రశ్న. ప్రాణుల దేహాల్లో వైశ్వానరాగ్నిగా ఉండి నాలుగు రకాల అన్నాన్ని పచనం చేసేది తానేనని గీత పదిహేనో అధ్యాయంలో కృష్ణుడు అంటాడు. సాంఖ్యులు పురుషుణ్ణి భోక్త అన్నారు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలక ఆరుణి లెక్క ఇంకా నిర్దిష్టం: తిన్నదాంట్లో స్థూలభాగం మలం, మధ్యభాగం మాంసం, అణుభాగం మనస్సు అవుతాయి. కొడుకు శ్వేతకేతును పదిహేను రోజులు నీళ్లమీదే ఉంచుతాడు. నేర్చిన వేదం ఒక్కటీ గుర్తుకు రాదు. అన్నం తిన్నాక అన్నీ గుర్తొస్తాయి. ఉపనిషత్తుల్లో ఇలా ప్రయోగం చేసి చూపిన పాఠాలు అరుదు.

ఈ వివరణలన్నిటా, లోపల ఉన్నది అగ్ని అయినా పురుషుడైనా, అన్నం చేరేది ఒక్కరికే. బౌద్ధుల దారి వేరు. మరణస్మృతి గురించి చెబుతూ బుద్ధఘోషుడు విశుద్ధిమార్గంలో ఈ దేహం పలువురి ఉమ్మడి సొత్తనీ, ఎనభై తెగల క్రిములు దీన్ని ఆశ్రయించి బతుకుతాయనీ రాశాడు. ఆయన ఉద్దేశం చావు ఎటునుంచైనా రావచ్చని గుర్తుచేయడమే. జీవశాస్త్రం చెప్పడం కాదు. అయినా ఉమ్మడి అన్న భావన పేగు బ్యాక్టీరియా గురించి ఇప్పుడు తెలిసినదానికి చాలా దగ్గరగా ఉంది.

మనిషి ఎంజైములకు లొంగని పీచు, కొంత పిండిపదార్థం పెద్దపేగుదాకా వెళ్తాయి. వండి చల్లార్చిన అన్నంలో అలాంటి పిండి కాస్త పెరుగుతుంది కాబట్టి చద్దన్నానికీ ఇందులో కొంత పాత్ర ఉంది. ప్రాణవాయువు దాదాపు లేని ఆ చోట బ్యాక్టీరియా ఈ పీచునూ పిండినీ పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే పొట్టి గొలుసు కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తుంది. వాటిలో వరుసగా రెండు, మూడు, నాలుగు కార్బన్ పరమాణువులుంటాయి. బ్యుటిరేట్‌ను చాలావరకు పేగు గోడ కణాలే ఇంధనంగా వాడేసుకుంటాయి. ప్రొపియోనేట్‌లో ఎక్కువ భాగం కాలేయంలో ఆగిపోతుంది. ఎసిటేట్ రక్తంలో కలిసి కండరాలకూ కొవ్వు కణజాలానికీ చేరుతుంది. మనిషికి రోజూ అందే శక్తిలో దాదాపు పదో వంతు ఈ దారిన రావచ్చని అంచనా. ఉద్దాలకుడు మలం కింద జమకట్టిన స్థూలభాగంలోనూ దేహానికి వాటా ఉందన్నమాట.

ఆ వాటా ఇంధనంతో ఆగదు. జీపీఆర్ 41, జీపీఆర్ 43 అనే గ్రాహకాలు ఈ ఆమ్లాలను గుర్తుపడతాయని 2003లో తేలింది. పేగులోని ఎల్ కణాలు వీటి ద్వారా ప్రేరణ పొంది, ఆకలిని తగ్గించే జీఎల్‌పీ-1, పీవైవై హార్మోన్లను విడుదల చేస్తాయి. కొవ్వు కణాల్లోనైతే జీపీఆర్ 43 నిల్వ కొవ్వు కరిగి రక్తంలోకి పొంగిపోకుండా ఆపుతుంది. అలా పొంగిన కొవ్వు కాలేయంలో, కండరాల్లో పేరుకుంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. 2013లో జపాన్ శాస్త్రవేత్తలు వెల్లడించిన ఎలుకల ప్రయోగం మరీ ఆసక్తికరం. జీపీఆర్ 43 లేని ఎలుకలు మామూలు మేతకే లావెక్కాయి. కొవ్వు కణజాలంలో అది ఎక్కువగా ఉన్నవి కొవ్వు మేత మేసినా సన్నగానే ఉన్నాయి. పేగుల్లో సూక్ష్మజీవులు లేకుండా చేస్తే ఆ తేడా పోయింది. జన్యువు ఎలుకదే, దాన్ని పనిచేయించేది దాని పేగులోని పరాయి జీవులు.

ఇంతటితో ఈ ఆమ్లాలను అమృతమనుకుంటే పొరపాటు. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకల్లోకి పేగు సూక్ష్మజీవులను ఎక్కిస్తే రెండు వారాల్లో ఒంటి కొవ్వు 60 శాతం పెరిగిందని 2004లో జెఫ్రీ గోర్డన్ బృందం చూపింది. ఎసిటేట్ ఎక్కువైతే నాడీవ్యవస్థ ద్వారా ఇన్సులిన్ స్రావం, ఆకలి రెండూ పెరుగుతాయని 2016లో మరో ఎలుకల పరిశోధన తేల్చింది. మనుషుల మీద చేసిన ప్రయోగాలు తక్కువ, వాటి ఫలితాలూ అంతంతమాత్రమే. 2015లో లండన్ పరిశోధకులు అధిక బరువున్న 60 మందిని తీసుకుని, కొందరికి ప్రొపియోనేట్‌ను పెద్దపేగుదాకా చేర్చే పదార్థాన్ని రోజుకు 10 గ్రాముల చొప్పున 24 వారాలు ఇచ్చారు. వాళ్లు బరువు పెరగడం తగ్గింది, అంతే. ఋషులకు ఇదంతా ముందే తెలుసనే వాళ్లకూ, ఒక్క గుళికతో లావు పోతుందనే వాళ్లకూ ఇక్కడ దొరికేది కొంచెమే.

తాత్త్వికంగా మిగిలే చిక్కు కర్తృత్వానిది. ఆకలిని, కొవ్వును, ఇన్సులిన్‌ను ఇన్ని చేతులు కదిలిస్తుంటే లావుకు బాధ్యుడెవరు? గీత పద్దెనిమిదో అధ్యాయం ప్రతి కర్మకూ అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, దైవం అని ఐదు కారణాలు చెప్పి, తానొక్కడే కర్తననుకునేవాడిది తెలియనితనం అంటుంది. ఈ విషయంలో వైశ్వానర శ్లోకం కన్నా ఈ మాటే ఎక్కువ పనికొస్తుంది. కర్త ఐదింటిలో ఒకడు మాత్రమే, కానీ ఆ ఐదింటిలో అతనూ ఉన్నాడు. పళ్లెంలో పప్పు, జొన్న, కూర ఎంత ఉండాలో నిర్ణయించేది మనిషే, అదీ అతని సంపాదన, ఊరు, ఇంటి అలవాటు అనుమతించినంత మేరకు. లోపల ఆ పీచు ఏమవుతుందన్నది అతని ఇచ్ఛకు లోబడదు. లావును తిండిపోతుతనానికి పడిన శిక్షగా చూసే తీర్పు నిలవదు. అంతా పేగులదే పాపమని చేతులు దులుపుకోవడమూ నిలవదు.