తప్పిన గురి

తప్పు కనబడగానే ఎవరిని దిద్దవలెను?

జర్మనీలో మ్యూనిక్ నగర సమీపమున, హోఖ్‌బ్రూక్ నందు, 1972 ఒలింపిక్ క్రీడలకై నిర్మింపబడిన కాల్పుల క్రీడాప్రాంగణము కలదు. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో పది అంకెల వలయము వ్యాసము 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. పిస్టల్‌పై ముందొక గురి, వెనుకనొక గురి యుండును. గుండ్లన్నియు ఒక్కచోటనే గుమిగూడి ఎడమకు పడినచో, మర త్రిప్పి వెనుక గురిని కుడికి జరుపవలెను. గురుల నడుమ దూరము 32 సెంటీమీటర్లయినచో, 1 మిల్లీమీటరు జరిపిన లక్ష్యమున సుమారు 3 సెంటీమీటర్ల మార్పు కలుగును. గుండ్లు నలుదెసల చెదరిపడినచో మాత్రము మర త్రిప్పి ఫలము లేదు. అచట దిద్దవలసినది చేతిని.

నేను ఆలయ తరగతులలో తెలుగు నేర్చి, పిదప అచటనే బోధించితిని. ఒకనాడు పిల్లలందరు ఒకే పదమును ఒకే విధముగా తప్పు వ్రాసిరి. కోపించి నూరుమార్లు వ్రాయించితిని. పిమ్మట నల్లబల్లను చూచితిని; ఆ తప్పు నేను వ్రాసినదే!

సోదరులారా, పిల్లలు తలకొక విధముగా తప్పినచో సాధన చాలదనవచ్చును. అందరును ఒకే దిక్కునకు తప్పినచో, గురి నిలిపిన పెద్దలనే ముందుగా పరీక్షింపవలెను. మరునాడు వారి యెదుటనే నా తప్పును దిద్దుకొంటిని.