సంధికి సాక్షి ఎవరు?

నివురుగప్పిన నిప్పు చూపునకు శాంతముగనే యుండును. గాలి విసరినప్పుడే దాని స్వభావము తెలియును. పొరుగురాజ్యముల నడుమ కుదిరిన కాల్పుల విరమణయు ఇట్టిదే. తుపాకులు మూగవోయినవి గనుక శాంతి నెలకొన్నదని కొందఱు సంతోషింతురు. వైరము చావలేదు గనుక ఆ విరమణ వట్టి బూటకమని మఱికొందఱు పెదవి విఱతురు. రెండును తొందరపాటు మాటలే. కాల్పుల విరమణ యనగా శాంతిని సాధించుకొనుటకు దొరకిన గడువు. ఆ గడువును కాపాడవలసినవారు ఎవరు అనునదే ఇచ్చటి ధర్మసందేహము.

భారత పాకిస్థానముల మొదటి కాల్పుల విరమణ 1949 జనవరి 1న అమలులోనికి వచ్చెను. ఆ సంవత్సరము జూలై 27న కరాచీలో ఉభయసేనల ప్రతినిధులు కాశ్మీరమున విరమణరేఖను నిర్ణయించిరి. దానిని కనిపెట్టి యుండుటకు ఐక్యరాజ్యసమితి పలుదేశముల సైనికాధికారులను పరిశీలకులుగా నియోగించెను. వారిచేత ఆయుధము లేదు. ఎవరినైనను ఆజ్ఞాపించు అధికారమును లేదు. ఫిర్యాదు వచ్చినచోటికి పోయి, చూచినది చూచినట్లు వ్రాసి పంపుటయే వారి పని. ఇంత స్వల్పమైన పనివలన ప్రయోజనమేమని అడుగవచ్చును. పగ గలచోట పుకారు నిజముకంటె ముందు పరుగెత్తును. ఎవరు ముందు కాల్చిరో చెప్పగల మూడవవాడు ఒకడున్నచో, చేయెత్తబోవువాడు ఒక క్షణము వెనుదీయును. ఆ క్షణములో ఎందఱి ప్రాణములో నిలుచును. సాక్షి విలువ ఇదియే.

కాని ఆ సాక్షి చూపు చేరని చోటులు కలవు. విరమణరేఖకు వందలకొలది మైళ్ల దూరమున నున్న ఉక్కునగరము జంషెడ్‌పూరు దీనికి నిదర్శనము. అచ్చటి కర్మాగారములలో బెంగాలీలు, బీహారీలు, ఒడియాలు, ఆదివాసులు, తెలుగువారు, హిందువులు, ముస్లిములు ఒకే కొలిమి వేడిమికి చెమటోడ్చి జీవించువారు. 1964 జనవరిలో తూర్పు పాకిస్థానమున, ఖుల్నా ఢాకాలయందు, హిందువులపై దారుణహింస జరిగెను. అటనుండి వచ్చిన శరణార్థులను దండకారణ్య శిబిరములకు చేర్చు రైళ్లు టాటానగరు స్టేషను మీదుగ సాగెను. వారి కన్నీరు నిజము; వారి గాయములు నిజము. ఆ దుఃఖమును చూచి జాలి పుట్టవలసినచోట పగ పుట్టెను. పుకార్లు దానికి తోడయ్యెను. మార్చి నెలలో జంషెడ్‌పూరునందును, రూర్కెలాయందును ముస్లిములపై హింస చెలరేగెను. ఖుల్నాలో జరిగినదానితో ఏ సంబంధమును లేనివారు దానికి బలియైరి.

ఆ దినములలో కాశ్మీరమున పరిశీలకులు తమ రేఖను కాచుచునే యుండిరి. జంషెడ్‌పూరు వీధులలో ఇంటికిని పొరుగింటికిని నడుమ లేచిన సరిహద్దును కాచుటకు ఏ సమితియు ఎవరిని పంపలేదు, పంపజాలదు. ఇరుదేశముల అల్పసంఖ్యాకులను కాపాడుదుమని నెహ్రూ, లియాఖత్ అలీఖాన్‌లు 1950 ఏప్రిల్ 8ననే ఒడంబడిక చేసికొని యుండిరి. సంతకములు ఏలికలవి, వానిని నిలుపవలసిన చేతులు ప్రజలవి.

ఒకరు చేసిన పాపమునకు వారి మతమువారినెల్ల దండించుట న్యాయమా? ప్రతీకారము కోరువాడు “వారే మొదట చేసిరి” అనును. అశ్వత్థామయు అట్లే తలచెను. తండ్రిని అన్యాయముగ చంపిరను కోపముతో, నిద్రించుచున్న ఉపపాండవులను సంహరించెను. అతని దుఃఖము నిజమే; అతని చేత మడిసినవారు మాత్రము ఆ నేర మెఱుగని పిల్లలు. అర్జునుడు అతనిని కట్టి తెచ్చినప్పుడు, తనవలె కృపియు కొడుకుకొఱకు ఏడువరాదని ద్రౌపది అతని ప్రాణము కాపాడుమని వేడెనని భాగవతము చెప్పుచున్నది. నేరమునకు శిక్ష తప్పలేదు. అశ్వత్థామ శిరోజములను, శిరోమణిని కోల్పోయెను. కాని పుత్రశోకము మఱియొక తల్లి యింటికి పోలేదు. న్యాయమునకు, పగకు గల భేద మిచ్చట స్పష్టము.

1965లో కాశ్మీరపు రేఖయు తెగెను. భద్రతామండలి సెప్టెంబరు 20న తీర్మానింపగా, 23న కాల్పులు ఆగెను. సోవియట్ ప్రధాని కోసిగిన్ పూనికతో 1966 జనవరి 10న లాల్ బహదూర్ శాస్త్రి, అయూబ్‌ఖాన్‌లు తాష్కెంటులో సంతకములు చేసిరి. ఆ రాత్రియే శాస్త్రిగారు అచ్చట కన్నుమూసిరి. సేనలు వెనుకకు మఱలెను. అయినను 1971లో యుద్ధము తిరిగి వచ్చెను. తమ వివాదములను తామే మాటలాడి తీర్చుకొందుమని ఇరుదేశములు 1972లో సిమ్లాయందు అంగీకరించెను. 2003లో కుదిరిన విరమణను 2021 ఫిబ్రవరిలో మరల దృఢపఱచిరి. 2025 మే నెలలో నాలుగు దినములు పోరాడి, 10వ తేదీన ఉభయసేనాధికారుల సంభాషణతో ఆపిరి.

ఇన్నిసార్లు తెగిన దారమును ఇన్నిసార్లు ముడివేయుట వ్యర్థమా? కాదు. ప్రతి ముడియు కొన్ని గ్రామములకు ఒక పంటను, కొందఱు పిల్లలకు ఒక చదువును దక్కించును. కాని ముడులచేతనే దారమునకు బలము రాదు. ఆ బలము రావలసినది ప్రజల నడవడినుండి. సరిహద్దున పరిశీలకుడు చేయు పనిని ప్రతి మనుష్యుడు తన వీధిలో చేయవలసి యున్నది: చూచినదే పలుకుట, చూడనిదానిని మోసికొని పోకుండుట, భయపడిన పొరుగువాని గడప యొద్ద నిలుచుట. ఈ పనికి నియామకపత్రము లేదు. దీని నివేదికను అందుకొనువాడు తన లోపలనున్న సాక్షియే.