బలవంతుని నిగ్రహము

కురుసభలో అయిదూళ్లిచ్చినను చాలునని శ్రీకృష్ణుడు పలికినది పాండవులకు బలము చాలక కాదు. బలవంతుడు తగ్గుట పిరికితనమా, ధర్మమా? అణ్వస్త్రయుగమున ఈ ప్రశ్న లోకము మనుగడకే సంబంధించినదైనది.

సోవియట్ యూనియన్ క్యూబాలో అణుక్షిపణులను నిలుపుచున్నదని 1962 అక్టోబరులో అమెరికాకు తెలియవచ్చెను. వైమానిక దాడి చేయుడని సేనానాయకులు అధ్యక్షుడు కెనెడీని తొందరపెట్టిరి. ఆయన దాడిని మాని, ఓడలతో సముద్రమార్గమును నిరోధించి, ప్రత్యర్థికి ఆలోచించుకొను వ్యవధి నిచ్చెను. అక్టోబరు 28న కృశ్చేవ్ క్షిపణుల ఉపసంహరణను ప్రకటించెను. క్యూబాపై దండెత్తబోమని అమెరికా మాట ఇచ్చెను. టర్కీలోని తన క్షిపణులను తొలగించుటకు కూడ రహస్యముగా అంగీకరించి, 1963లో తొలగించెను.

ఇచ్చిపుచ్చుకొనుటచే యుద్ధము తప్పినది. కాని ఇచ్చినది మరుగున పడుటచే, లోకము పట్టుదలనే మెచ్చుకొనెను. బెదిరింపే గెలిపించినదను అపోహ బలపడెను. సంధికన్న ఆ దాపరికమే దోషము.

దేశరక్షణకు ఆయుధములు అవసరము కావచ్చును. అయినను ప్రజల ప్రాణములకై తగ్గినవాడు సిగ్గుపడ నక్కరలేదు. అయిదూళ్ల మాట నిండుసభలోనే పలుకబడినది. పాలకులు గ్రహింపవలసిన నీతి ఇదియే.