సాక్షి మాట, ప్రయోగశాల కొలత

కర్నూలు జిల్లా మంత్రాలయంలో 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామిని వరాలిచ్చే గురువుగా కొలిచేవారు లక్షలమంది ఉన్నా, మనిషి తన చూపునూ వినికిడినీ ఎంతవరకు నమ్మవచ్చునని తర్కించిన ద్వైత పండితులలో ఆయన ఒకరని గుర్తించేవారు తక్కువ. జయతీర్థుల ‘ప్రమాణపద్ధతి’కి, అంటే యథార్థ జ్ఞానసాధనాలను వివరించే గ్రంథానికి, ఆయన వ్యాఖ్య రాశారు. దోషంలేని ఇంద్రియానికి దోషంలేని విషయంతో ఏర్పడే సన్నికర్షం, అనగా సంబంధం, ప్రత్యక్షమని ఆ గ్రంథం చెబుతుంది. వస్తువు అతిదూరంలో ఉండడం, అతిసూక్ష్మం కావడం, తనవంటి వాటిలో కలిసిపోవడం విషయదోషాలు కాగా, కామెర్ల వంటివి ఇంద్రియదోషాలు.

ఉదాహరణకు, నడివేసవిలో ఆదోని రోడ్డుమీద దూరాన నీళ్లు నిలిచినట్టు కనిపించడానికి కారణం, కాగిన నేలను ఆనుకున్న పల్చని గాలి ఆకాశపు వెలుగును కంటివైపు వంచడమే. అది ఎండమావి అని ఎరిగినవారికి సైతం ఆ మెరుపు కనిపించక మానదు కనుక, తప్పు ‘అవి నీళ్లు’ అన్న నిర్ణయానిదే తప్ప ‘మెరుపు కనిపిస్తోంది’ అన్న అనుభవానిది కాదు.

ఇటువంటి అనుభవాన్ని కొలిచే ప్రయత్నమూ జరిగింది. ఉద్దీపనకూ అనుభూతికీ గల సంబంధాన్ని కొలిచే మనోభౌతికశాస్త్రానికి 1860లో జర్మన్ పండితుడు ఫెక్నర్ గ్రంథరూపమిచ్చాడు. ఆయన పద్ధతులలో ఒకదాని ప్రకారం, మసక వెలుగును వేర్వేరు తీవ్రతలలో, వరుస తెలియనీయకుండా పలుమార్లు చూపి, సగం సార్లు ‘కనిపించింది’ అన్న జవాబు వచ్చిన తీవ్రతను అవధిగా, అంటే చూపు అందుకోగల కనీసపు హద్దుగా, లెక్కిస్తారు. ఏ వెలుగూ చూపని ఖాళీ వంతులను మధ్యమధ్య కలిపితే, ఆశకొద్దీ ‘అవును’ అనే అలవాటు బయటపడుతుంది. దోషాలను ఏరివేయాలన్న ద్వైతుల పట్టుదలకు ఇంత చక్కని ఆచరణ మరొకటి దొరకదు.

అయితే వెలుగును పరికరం కొలవగలదు గాని, ‘కనిపించింది’ అన్న మాటను చూసినవాడే చెప్పాలి. ఆ మాటకు పూచీ ఎవరు? మనస్సు పొరబడవచ్చునని ద్వైతులు ఒప్పుకుంటారు. సుఖదుఃఖాలను నేరుగా ఎరిగే, జ్ఞానపు ప్రామాణ్యాన్ని గ్రహించే ఆత్మస్వరూపమైన ఇంద్రియాన్ని మాత్రం సాక్షి అని, దానికి భ్రమ లేదని అంటారు. మనస్సూ సాక్షీ ఒకే నోటితో పలికేటప్పుడు వాటిని వేరుచేయడమెలా అన్న ఆక్షేపణ బలమైనదే. దానికి వారు పరీక్షను, అంటే ఇతర ప్రమాణాలతో పోల్చిచూడడాన్ని, మార్గంగా చూపుతారు. కాని ప్రతి పరీక్షకూ మరో పరీక్ష కావాలంటే అంతులేని అనవస్థ తప్పదు కాబట్టి, విచారణ ఎక్కడో సాక్షి వద్ద ఆగవలసిందే. ఈ వాదాన్ని ప్రయోగశాల దాటలేదు, ఎందుకంటే పరికరపు ముల్లును చదివేదీ ఒక కన్నే. ఆసుపత్రిలో నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెలో చెప్పమన్నప్పుడు రోగి అంకెను పెంచో తగ్గించో చెప్పవచ్చు గాని, అతనికి నొప్పి లేదని తేల్చగల పరికరమేదీ వైద్యుని చేతిలో లేదు.