ఆ మిగిలిన వెయ్యి

డబ్బు ఖర్చుపెట్టి కూడా "ఇంత మిగిలింది" అని సంబరపడటం ఒక్క మనిషికే తెలిసిన విద్య. ఆషాఢం తగ్గింపులో నాలుగు చీరలు మోసుకొచ్చిన ఇల్లాలు ఎంత పోయిందో చెప్పదు, ఎంత మిగిలిందో చెబుతుంది. ఇప్పుడీ విద్య చీరల కొట్టు దాటి నీళ్లమీదకు కూడా వచ్చింది. ఓడ విహారాలకు "సగం ధర", "మూడు రోజులే గడువు" అంటూ ప్రకటనలే ప్రకటనలు. వాటివల్ల నిజంగా మనకేమైనా మిగులుతుందంటారా?

సముద్రం దాకా ఎందుకు, మన కృష్ణమ్మ దగ్గరే లెక్క మొదలుపెడదాం. నాగర్‌కర్నూలు జిల్లాలో కొల్లాపూర్ దగ్గర సోమశిల ఉంది కదా. అక్కణ్ణుంచి శ్రీశైలానికి 2024 నవంబరులో తెలంగాణ పర్యాటక సంస్థవారు లాంచీ నడిపినప్పుడు పెద్దలకు ఒకవైపు టికెట్టు 2,000 రూపాయలు, రానూపోనూ కలిపి 3,000. చూడగానే ఏమనిపిస్తుంది? రెండువైపులా విడిగా కొంటే నాలుగు వేలు, కలిపి కొంటే మూడు వేలు. వెయ్యి మిగిలిపోయింది!

ఇందులో మోసమేమీ లేదు. ధర చెప్పారు, ఇష్టమైతే ఎక్కమన్నారు. తిరకాసంతా మన మనసులో ఉంది. వనపర్తి నుంచి ఒక కుటుంబం బయలుదేరిందనుకోండి. పోయేటప్పుడు నీళ్లమీద పోయి, మల్లన్న దర్శనం చేసుకుని, వచ్చేటప్పుడు నల్లమల దారిన మన్ననూరు మీదుగా బస్సులో వద్దామనుకున్నారు. ఆ బస్సు ఛార్జీ మనిషికి వెయ్యి కాదు కదా. అంటే వాళ్లు పెట్టదలచిన ఖర్చు మూడు వేలకు లోపే! వెయ్యి మిగిల్చే టికెట్టు కొన్న పాపానికి వాళ్ల ఖర్చు పెరిగింది. ఆ మిగిలిన వెయ్యి, వాళ్లెన్నడూ పెట్టదలచని నాలుగు వేలలోంచి తీసి చూపించిన వెయ్యి.

అలాగని రానూపోనూ లాంచీలో తిరగొద్దని కాదు. మళ్లీ ఆ నీళ్లమీదే, ఆ కొండల మధ్యనే తిరిగి రావాలనిపిస్తే నిక్షేపంలా రండి. అది సంతోషానికి పెట్టిన ఖర్చు. దాన్ని ఖర్చనే అనుకుందాం. సంతోషానికి ఖర్చుపెట్టడం నేరమేమీ కాదు కదా, ఆదా అని దానికి దొంగపేరు పెట్టడం దేనికి?

ఇక పెద్ద ఓడలు. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి కూడా విహార నౌక బయలుదేరింది కాబట్టి ఇది మనకు అందని ద్రాక్ష కాదు. ప్రపంచమంతటా ఈ వ్యాపారం తీరు దాదాపు ఒకటే. ప్రకటనలో ధర మనిషికింత అని ఉంటుంది, కానీ అది గదిలో ఇద్దరున్నప్పటి మాట. ఒంటరిగా పోయే పెద్దావిడ చాలా ఓడల్లో రెండో మనిషి బాడుగ కూడా తానే కట్టుకోవాలి. ఆపైన పన్నులు, రేవు రుసుములు, నౌకర్ల బక్షీసులు. ఇల్లలకగానే పండగవుతుందా?

నిజమైన తగ్గింపులు అసలు ఉండవని కాదు. ఓడ రేవు దాటిందంటే, ఖాళీగా పోయిన గది పాచిపోయిన అన్నంతో సమానం. అందుకే కొన్నిసార్లు చివరి రోజుల్లో చవగ్గా ఇస్తారు. అయితే పిల్లల పరీక్షలు, ఆయనగారి సెలవులు చూసుకునే సంసారులకు చివరి నిమిషంలో పెట్టె సర్దుకోవడం కుదిరే పనేనా?

గద్వాల చీర సంగతి వేరు. నూలు ఒళ్లు, పట్టు అంచు కలిపి నేసిన చీర తెల్లారేసరికి పాచిపోదు. మరి దాన్ని సగానికి ఇచ్చారంటే, మొదట రెండింతలు చెప్పి ఉండాలి, లేదా ఆ సగం ఎవరో భరించి ఉండాలి. ఆ ఎవరో మగ్గం ముందు కూర్చున్న మనిషైతే? నాకు మిగిలింది ఎవరి కంచంలోంచి వచ్చిందన్న ప్రశ్న చీరకే కాదు, ఓడలో పక్కలు సర్దే కుర్రాడికీ వర్తిస్తుంది.

ప్రభుత్వాలకూ ఇది తెలియకపోలేదు. 2023 నవంబరులో మన కేంద్ర వినియోగదారుల సంస్థ 13 రకాల టక్కులను నిషేధించింది. లేని తొందర పెట్టడం, అసలు ఖర్చులు చివరిదాకా చెప్పకపోవడం అందులోవే. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి తప్పనిసరి రుసుములు ప్రకటన ధరలోనే కలపాలన్నారు. మంచిదే. అయితే చట్టం అమ్మేవాడి నోటిని సరిచేస్తుంది గాని, మన కోరిక ఎక్కణ్ణుంచి పుట్టిందో చెప్పదు. ఈ ప్రకటన చూడకముందు పోవాలనుకున్నామా? అప్పుడు ఎంత పెడదామనుకున్నాం? ఈ రెండూ మనం అడుక్కోవలసినవే.

మన అమ్మమ్మలకు ఈ లెక్క బాగా తెలుసు. వాళ్లకు మిగులు అంటే కాగితం మీద కొట్టేసిన అంకె కాదు, పోపులడబ్బాలో వేలికి తగిలే నోటు. ప్రయాణం నుంచి వచ్చాక ఆ వెయ్యి పోపులడబ్బాలో కనిపిస్తే సరే, మిగిలినట్టే. కనిపించకపోతే, శ్రీశైలం ఎంత బావుందో చెప్పుకుందాం, చాలు.