కలుపు - క్షేత్రధర్మము

భూమాతకు ఏ మొక్కయు కలుపు కాదు. వాన కురిసిన పిమ్మట ఆమె తన ఒడిలోని ప్రతి విత్తనమునకును సమముగా చోటిచ్చును. ఇది పంట, ఇది కలుపు అను భేదము మానవుని సంకల్పము వలన ఏర్పడినది. అట్లయిన, తనకు అక్కరకు రాలేదను కారణముచేత ఒక జీవమును వేరుతో పెకలించు అధికారము మానవునకు ఎక్కడిది? అహింసను పరమధర్మముగా నమ్మిన గృహస్థు తులసికోట చుట్టు మొలచిన గడ్డిని తీయునపుడు ఈ సందేహము తలయెత్తుట సహజము.

నంద్యాల జిల్లాలోని ప్యాపిలి ప్రాంతము వానపై ఆధారపడిన మెట్టభూముల సీమ. అచ్చటి రైతు ముంగారు వానకు వేరుశనగ విత్తును. విత్తిన పంటతోపాటు విత్తని గరిక, తుంగయు మొలచును. గరిక నేలపై ప్రాకుచు కణుపు కణుపునను వేరు తన్నును. గుంటకకు తెగిన ముక్కయు తేమ తగిలిన మరల మొక్కయగును. కావున చేలో గరికను చూచిన రైతునకు దిగులు. కాని ఆ గరికయే వినాయకచవితి నాడు పూజాద్రవ్యము, ఆవునకు మేత. పట్టణములలో ఇంటి ముంగిట పచ్చికను పెంచువారు అనేకులు ఆ గరికనే నాటి, నీరు పోసి, కంటికి రెప్పవలె కాపాడుదురు. వారికి తుంగయే కలుపు. ఆ తుంగ గడ్డలే తుంగముస్తలను పేరుతో ఆయుర్వేద వైద్యునకు ఔషధములు. దీనినిబట్టి కలుపు అనునది జాతికి పేరు కాదనియు, ఉండదగని చోట ఉండుటకు పేరనియు తెలియుచున్నది. నింద మొక్కది కాదు.

నింద లేనిదానిని తొలగించుట న్యాయమా? క్షేత్రమను మాటలోనే దీనికి సమాధానమున్నది. అడవి వేరు, క్షేత్రము వేరు. ఒకరు బాధ్యత వహించిన నేల క్షేత్రము. విత్తినవాడు విత్తనమునకు మాట ఇచ్చినవాడు. మెట్టనేలలో తేమ కొలదిగా ఉండును. దానిని కలుపు త్రాగివేసిన పంట ఎండును, పంటను నమ్మిన కుటుంబము పస్తుండును. చేతులు ముడుచుకొని కూర్చున్నంత మాత్రమున హింస తప్పదు. అది బలవంతమైన మొక్క నుండి బలహీనమైన మొక్కకు మారును, అంతియే.

మన పెద్దలు ఈ చిక్కును దాచలేదు. నాగలి మొన భూమిని, అందలి జీవులను బాధించునని మనుస్మృతి పేర్కొన్నది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ - ఈ ఐదింటివలన గృహస్థునకు తెలియకయే హింస కలుగునని చెప్పి, దానికి నిష్కృతిగా పంచమహాయజ్ఞములను విధించినది. అగ్నిని పొగ ఆవరించినట్లు ప్రతి కర్మయందును దోషముండును గనుక సహజకర్మను విడువరాదని గీత పదునెనిమిదవ అధ్యాయము తెలుపుచున్నది. హింస లేదని బుకాయింపక, దానిని అవసరమునకు మించనీయకుండుటయే గృహస్థధర్మము. అందులకు జ్ఞానము కావలెను.

మొదటిది కాలజ్ఞానము. వేరుశనగ చేనులో తొలి నలుబది, నలుబదియైదు దినములు కలుపు లేకుండ చూచుట ముఖ్యము. అటుపిమ్మట పూచిన పూల నుండి ఊడలు భూమిలోనికి దిగి కాయలగును. అప్పుడు గుంటక తోలినచో కలుపుతోపాటు ఊడలును తెగును. నేలను కదల్పకుండ పైకి కనిపించు కలుపును చేతితో మెల్లగా తీయవలసినదే. బిడ్డల నడవడిని దిద్దు తలిదండ్రులకు ఇది చక్కని పాఠము. దిద్దదగిన వేళను జారవిడిచి, పిమ్మట ఆగ్రహముతో పూనుకొనిన మంచియు తెగిపోవును.

రెండవది మూలజ్ఞానము. తుంగ ఆకును ఎన్నిమారులు త్రుంచినను మట్టిలోని గడ్డ మరల చిగురించును. తడి నేలలో చిన్న పారతో గడ్డలను త్రవ్వితీయుట, మరల మొలచినదానిని వెంటనే తీయుట, ఇట్లు పలుమారులు చేసిననే అది సన్నగిల్లును. ఇంటి పచ్చికను నేలకంటునట్లు కత్తిరించినచో మట్టిపై ఎండపడి, నిద్రించుచున్న కలుపు గింజలు మేల్కొనును. కొంత ఎత్తుగ, ఒత్తుగ ఉంచిన పచ్చికయే తన నీడతో వానిని అణచును. బాగుగ మాగని పశువుల ఎరువులో కలుపు గింజలు చావక ఉండును. కావున మాగిన ఎరువునే వేయవలెను. పీకుట సగము పని, ఖాళీ చోటును మంచితో నింపుట తక్కిన సగము. మనస్సును గూర్చియు ఇంతకంటె వేరుగ చెప్పవలసినది లేదు.

కొన్ని మొక్కల విషయమున ఉపేక్ష పనికిరాదు. 1950వ దశకము నడుమ పూణేలో గుర్తింపబడి దేశమెల్ల వ్యాపించిన వయ్యారిభామ అట్టిది. పేరు సొగసైనది, తాకినవారికి దురద, కొందరికి ఉబ్బసము. ఒక్క మొక్క వేలకొలది గింజలను రాల్చును. దాని ఆకును తిను పెంకుపురుగును 1983లో మెక్సికో నుండి తెప్పించి, మరుసటి ఏడు నుండి బెంగుళూరు ప్రాంతమున విడిచిరి. అయినను అది సమసిపోలేదు. పూతకు ముందే చేతికి తొడుగు వేసికొని దానిని పెకలించుట మేలు. దాని గింజ గోడను, గట్టును లెక్కచేయదు. తన ఇంట దానిని పూయనిచ్చినవాడు పొరుగువానికిని అపకారము చేసినవాడగును.

కలుపు మందు చల్లిన సులువు కదా అని కొందరు తలంతురు. కొన్ని మందులు పచ్చనిదానినెల్ల చంపును. గాలికి తులసిపై పడిన తులసియు మిగులదు. పసిబిడ్డలు, ఆవులు తిరుగు ముంగిట చేతి శ్రమయే క్షేమము. చేయి వంగినపుడే కన్ను చూచును; చూచినపుడే ఏది తీయవలెనో, ఏది విడువవలెనో వివేకము కలుగును. తీసిన గరిక గోవునకు మేత. గింజ పట్టని తక్కిన కలుపు ఎరువుగుంటకు చేరి మరల మట్టికే ప్రాణమగును. ఇదియు ఒక విధమైన భూతయజ్ఞమే.

శ్రీవిల్లిపుత్తూరున పెరియాళ్వారు, శ్రీరంగమున తొండరడిప్పొడియాళ్వారు, తిరుమలపై శ్రీరామానుజుల ఆజ్ఞచే అనంతాళ్వారు నందనవనములను పెంచి స్వామికి మాలలు సమర్పించిరి. తోట పెంచుటయన్న కలుపు తీయుటయు అందులోనిదే. మాలలోని పూవును లోకము చూచును. ఆ పూవునకు చోటు కల్పించుటకై మట్టిలో వంగిన నడుమును స్వామి చూచును. ద్వేషము లేక, వేళ తప్పక, అక్కరకు మించక చేసిన నాడు కలుపుతీతయు కైంకర్యమే.