గల్లీ ఎవరిది?

ఇల్లు మనది. మరి ఇంటి ముందు గల్లీ ఎవరిది? అందులో ఉండేవాళ్లదా, దాంట్లోంచి నడిచి పోయేవాళ్లదా? భివండీలో బతికే మనం దీని గురించి ఆలోచించాలి.

కరీంనగర్, నల్గొండ, వరంగల్ వైపు నుంచి మన పెద్దలు సాంచాల పనికి వచ్చి పద్మనగర్, కామత్‌ఘర్ లాంటి చోట్ల స్థిరపడ్డారు. పాత బస్తీల గల్లీలు ఇరుకే. కానీ ఒక గల్లీ ఇంకో గల్లీలోకి పోతుంది. టెంపో అడ్డం నిలబడితే పక్క సందులోంచి పోవచ్చు.

1991లో ఈ ఊరి జనాభా సుమారు 3 లక్షల 79 వేలు. 2011 నాటికి 7 లక్షలు దాటింది. ఊరు ముంబయి–నాసిక్ హైవే వైపు పాకింది. మానకోలి, కాల్హేర్ దిక్కు పెద్ద పెద్ద గోదాములు లేచాయి. కొత్తగా కట్టేవాటిలో చాలావాటికి చుట్టూ గోడ, ఒకటే గేటు. గోడ అవతలి ఇల్లు కళ్లకు కనిపిస్తుంది, అక్కడికి పోవాలంటే మాత్రం మెయిన్ రోడ్డు ఎక్కి తిరిగి రావాలి. ఇది మన ఊరి సంగతే కాదు. బారింగ్టన్-లీ, మిల్లార్డ్-బాల్ అనే పరిశోధకులు ప్రపంచ వీధుల మ్యాపులు చూసి, చాలా దేశాల్లో కొత్త వీధులు ఒకదానితో ఒకటి కలవడం తగ్గుతోందని 2020లో రాశారు. పడుగులో పేక పడకపోతే ఎన్ని దారాలున్నా బట్ట కాదు కదా!

గేటు పెట్టేవాళ్లది దురాశ అని నేను అనను. దొంగల భయం నిజమే. బైకులు జోరుగా వస్తే చిన్నపిల్లలు ఎక్కడ ఆడుకోవాలి? కానీ గేటుతో భద్రత ఒకరికి, తిప్పలు ఇంకొకరికి. బండి ఉన్నవాళ్లకు కిలోమీటరు లెక్క కాదు. రాత్రంతా సాంచాల దగ్గర నిలబడి పొద్దున నడిచి వచ్చే మనిషికి అది లెక్కే. ఇల్లు కాలుతుంటే ఫైరింజనుకూ లెక్కే. గేటు పెట్టేటప్పుడు వీళ్లను ఎవరూ అడగరు. నాకు అన్యాయం అనిపించేది అదే.

ఇంకో మాట. ఇల్లు పాతదైతే కూల్చి కట్టుకుంటాం. వీధి అట్లా కాదు. రెండు పక్కలా ఇళ్లు లేచాక దాన్ని మార్చడం చాలా కష్టం. ఇవాళ మూసిన దారి ఇంకా పుట్టని పిల్లలకు కూడా మూసినట్టే.

అందుకే నా అభిప్రాయం ఇది: బండ్లను ఆపే గేటు ఉండొచ్చు, మనిషి నడిచే సందు మాత్రం వదలాలి. అగ్గి పడ్డా, అంబులెన్సు వచ్చినా ఆ గేటు వెంటనే తెరవగలగాలి. కొత్త లేఔటుకు అనుమతి ఇచ్చే ముందు పక్క వీధిలోకి దారి ఉందో లేదో చూడాలి. గల్లీ అందులో ఉండేవాళ్లదే, కానీ వాళ్లది మాత్రమే కాదు.